డాక్టర్ సలహా: లాడ్జి గదిలో వంట, షుగర్ ఉన్నవాళ్లకు ఎంతవరకు మంచిది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. నా వయసు 46. రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తున్నాను. నెలలో సగానికి పైగా భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు చెరువుల మీద తిరుగుతూ లాడ్జిలో ఉంటాను. ఐదేళ్లుగా షుగర్, రెండేళ్లుగా బీపీ ఉన్నాయి. షుగర్‌కు పొద్దున గ్లిమెపిరైడ్ 1 ఎంజీ, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500, బీపీకి రాత్రి టెల్మిసార్టాన్ 40 వేసుకుంటున్నాను. ఈమధ్య పరీక్షలో హెచ్‌బీఏ1సీ 8.4, బీపీ 150/94 వచ్చాయి. పొద్దున హోటల్ టిఫిన్, మధ్యాహ్నం ఎక్కడ దొరికితే అక్కడ భోజనం, రాత్రి బిర్యానీ లేదా పరోటా. గదిలో పొయ్యి లేదు. కరెంటు కెటిల్‌తో ఏమైనా వండుకోవచ్చా? రాత్రి వండినది పొద్దుటికి దాచుకోవచ్చా?

జవాబు: వండుకోవచ్చు. పొద్దుటికి మాత్రం దాచుకోకండి. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

హెచ్‌బీఏ1సీ 8.4 అంటే గత రెండు మూడు నెలల్లో మీ షుగర్ సగటున 195 దరిదాపుల్లో ఉందన్నమాట. మీ వయసులో దాన్ని 7 కంటే తక్కువకు, బీపీని 130/80 కంటే తక్కువకు తేవాలి. మీ తిండిలో ఎక్కువ చెడు చేస్తున్నది రాత్రి భోజనం. బిర్యానీ, పరోటా లాంటివి పిండిపదార్థం, నూనె, ఉప్పు మూడూ ఒకేసారి ఎక్కించేవి. ఆలస్యంగా తిని పడుకుంటారు కాబట్టి తెల్లవారి పరగడుపు షుగర్ కూడా పైనే ఉంటుంది. మూడు పూటలూ గదిలో వండుకోవాలని మొదలుపెట్టినవాళ్లు వారం తిరక్కుండా విసిగి మానేస్తారు. మీరు రాత్రి పూట ఖచ్చితంగా, కుదిరితే పొద్దున టిఫిన్ గదిలో చేసుకోండి. మధ్యాహ్నం బయటే తినండి.

ముందు కరెంటు సంగతి. మామూలు నీళ్ల కెటిల్ 1500 వాట్లు లాగుతుంది, అంటే ఆరున్నర ఆంపియర్లు. గదుల్లో మంచం పక్కన ఉండే చిన్న ప్లగ్ 6 ఆంపియర్లకే. రోజూ దానిలో పెడితే ప్లగ్ వేడెక్కి, లోపలి వైరు కాలి వాసన వస్తుంది. మీకు కావలసింది వెడల్పు మూతి, లోపల స్టీలు గిన్నె, రెండు రకాల వేడి ఉండే మల్టీ కుక్ కెటిల్. ఒక లీటరు నుంచి 1.2 లీటర్లది, 600 వాట్లది చాలు. అది మూడు ఆంపియర్ల లోపే లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, గోడ ప్లగ్‌లోనే పెట్టండి. గీజర్ పాయింట్ పెద్దదే అయినా అది స్నానాల గదిలో ఉంటుంది, తడి చోట వంట సామాను పెట్టకండి. కాయిల్ హీటర్, బకెట్‌లో పెట్టే రాడ్డు, చిన్న గ్యాస్ సిలిండర్, ఈ మూడూ గదిలోకి రానివ్వకండి. తలుపులు మూసి ఏసీ వేసుకున్న గదిలో గ్యాస్ మండితే నిప్పు ప్రమాదం ఒక్కటే కాదు, కార్బన్ మోనాక్సైడ్ పోగుపడుతుంది. దానికి వాసన ఉండదు. కెటిల్ సంగతి కూడా లాడ్జి వాళ్లకు ముందే చెప్పండి. చాలామంది 600 వాట్ల కెటిల్‌కు అభ్యంతరం పెట్టరు. వద్దంటే గొడవ పెట్టుకోకుండా వేరే లాడ్జి చూసుకోండి.

గదిలో లాడ్జి వాళ్లు పెట్టిన కెటిల్ ఉంటే దాన్ని వంటకు వాడకండి. ముందు దిగినవాళ్లు అందులో ఏం కాచారో తెలియదు. పైగా నీళ్ల కెటిల్‌లో పాలు కాస్తే అడుగంటుతుంది, పప్పు ఉడికిస్తే నురుగు పొంగి అడుగున ఉన్న కనెక్షన్‌లోకి దిగుతుంది.

నీళ్ల విషయం మన డెల్టాలో ప్రత్యేకంగా చెప్పాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. కాచితే క్రిములు చస్తాయి కానీ ఉప్పు పోదు. బీపీ ఉన్నవాళ్లు ఆ నీళ్లతో వండుకుంటే తెలియకుండానే సోడియం లోపలికి పోతుంది. కఠినమైన నీళ్లలో పప్పు కూడా తొందరగా ఉడకదు. కాబట్టి తాగడానికీ వండడానికీ 20 లీటర్ల క్యాన్ నీళ్లే వాడండి. ఆ నీళ్ల మీదా అనుమానం ఉంటే తెర్ల కాగాక ఒక నిమిషం ఉంచండి.

రాత్రికి అన్నిటికన్నా తేలిక పెసరపప్పు కిచిడీ. బియ్యం 35 గ్రాములు, పెసరపప్పు 35 గ్రాములు, అంటే సుమారు రెండున్నర టేబుల్ స్పూన్ల చొప్పున. రెండిటినీ కడిగి అరగంట నానబెట్టండి. స్నానం చేసి వచ్చేసరికి నానిపోతాయి. ఆనపకాయ, బీరకాయ, క్యారెట్, తోటకూర, వీటిలో దొరికినది 150 గ్రాములు సన్నగా తరగండి. నానబెట్టిన నీళ్లు వంపేసి 400 మిల్లీలీటర్ల నీళ్లతో కెటిల్‌లో పెట్టండి. గిన్నె సగానికి మించి నింపొద్దు. మొదటి ఐదారు నిమిషాలు పెసరపప్పు నురుగు పైకి ఎగస్తుంది, అప్పుడు మూత తీసి దగ్గరే ఉండండి. నురుగు తగ్గాక వేడి తగ్గించి, మూత కొంచెం ఓరగా పెట్టి 20 నిమిషాలు ఉడకనివ్వండి. మధ్యలో రెండుసార్లు అడుగు నుంచి కలపాలి. కూరముక్కలు పది నిమిషాలు ఉడికాక వేస్తే చిదురవకుండా ఉంటాయి. టమాటా గానీ చింతపండు గానీ నిమ్మకాయ గానీ చివర్లోనే. పులుపు ముందే పడితే పప్పు ఎంతసేపైనా గట్టిగానే ఉంటుంది.

సగంలో కెటిల్ ఆగిపోతే పాడైందని కంగారు పడకండి. కిచిడీ చిక్కబడి అడుగున పట్టుకుంటే అక్కడ వేడి ఎక్కువై లోపలి కట్ ఆఫ్ పనిచేస్తుంది. స్విచ్ ఆపి, అర గ్లాసు నీళ్లు పోసి, అడుగు గీకి కలిపి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ వేయండి.

ఉప్పు చివర పావు టీస్పూన్, అంతే. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదు. మధ్యాహ్నం బయటి భోజనం లోనే మీకు అందులో సగం పైగా వచ్చేస్తుంది. రుచికి మిరియాలు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి ఇంటి దగ్గర నుంచి చిన్న సీసాలో తెచ్చుకోండి. కెటిల్‌లో పోపు పెట్టే ప్రయత్నం చేయకండి, నూనె వేడికి కాదు ఆ గిన్నె చేసింది. వడ్డించుకున్నాక ఒక టీస్పూన్ నెయ్యి వేసుకోండి. పక్కన ఒక ఉడికించిన గుడ్డు, 100 గ్రాముల పెరుగు కప్పు. అన్నీ కలిపితే పిండిపదార్థం 60 గ్రాముల లోపు, ప్రొటీన్ 20 గ్రాముల దాకా వస్తుంది. రాత్రికి మీకు ఇది సరిపోతుంది.

పొద్దున టిఫిన్‌కు ఇంటి దగ్గర తయారుచేసిన ఉప్మా పొడి బాగా పనికొస్తుంది. ఇంట్లోవాళ్లతో కలిసి ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. గోధుమ నూక అరకిలో, పెసరపప్పు పావుకిలో విడివిడిగా కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. మూడు టీస్పూన్ల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు వేసి కలపాలి. కరివేపాకు చేత్తో నలిపితే పొడి అవ్వాలి. తడి మిగిలితే మన గాలిలోని చెమ్మకు బూజు పడుతుంది. పూర్తిగా చల్లారాక 75 గ్రాముల చొప్పున పది పొట్లాలు కట్టి బిగుతు డబ్బాలో పెట్టుకోండి, రెండు వారాల లోపు వాడేయండి. వాడేటప్పుడు 300 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, వేడి తగ్గించి, ఒక చేత్తో కలుపుతూ పొడి పోయాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. పది నిమిషాలు ఉడికాక స్విచ్ ఆపి మూతపెట్టి మరో పది నిమిషాలు వదిలేయండి, పప్పు అప్పుడు మెత్తబడుతుంది.

వంట కుదరని రోజు ఓట్స్ 40 గ్రాములు, నీళ్లు 200, పాలు 100 మిల్లీలీటర్లు. పాలు ఫ్రిజ్ అక్కర్లేని చిన్న టెట్రా ప్యాకెట్ కొనుక్కోండి, తెరిచింది ఆ పూటే వాడండి. మసాలా ఓట్స్, సూప్ పొట్లాలు, నూడుల్స్ వద్దు. ఒక్క నూడుల్స్ పొట్లంలోనే రోజంతటి ఉప్పులో సగానికి దగ్గరగా ఉంటుంది.

గుడ్లు 12 నిమిషాలు ఉడికించండి, పచ్చసొన జారుగా వదలొద్దు. గుడ్డు పెంకు తాకిన చేతులు సబ్బుతో కడుక్కోండి. మొలకలు ఆరోగ్యమని పచ్చివే తింటారు చాలామంది. వేడి, చెమ్మ ఉన్న గదిలో గుడ్డ కట్టిన మొలకల్లో బ్యాక్టీరియా కూడా మొలకలంత బాగానే పెరుగుతుంది. వాటిని ఐదారు నిమిషాలు ఆవిరి మీద ఉడికించి తినండి. శనగలు, రాజ్మా ఈ కెటిల్‌లో సరిగ్గా ఉడకవు, వదిలేయండి.

ఇక దాచుకోవడం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం గది వేడిలో ఉండిపోతే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే వండినది రెండు గంటల్లో తినేయాలి. ఎండాకాలంలో, ఏసీ లేని గదిలో గంట లోపే. ‘మా ఇంట్లో చద్దన్నం తిని పెరిగాం కదా’ అని మీరు అడగొచ్చు. పుల్లబడిన చద్దన్నంలో ఆ పులుపు చాలా బ్యాక్టీరియాను అణచిపెడుతుంది. లాడ్జి గదిలో మూతపెట్టి వదిలేసిన పప్పు కిచిడీకి ఆ రక్షణ లేదు. మీకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అది కడుపుతో ఆగదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్ కిడ్నీకి ఇబ్బంది తెస్తుంది, కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోతుంది. అలాంటి రోజు ఆ మాత్రలు వేసుకునే ముందు మీ డాక్టరుకు ఫోన్ చేయండి. కొలత తగ్గించి ఒక పూటకే వండుకోవడం నేర్చుకోండి, మిగిలింది పారేయండి.

తిన్న వెంటనే కెటిల్‌లో నీళ్లు పోసి నాననిచ్చి కడగండి. అడుగు భాగం తడపకూడదు. తెల్లటి గార పడితే నిమ్మకాయ పిండిన నీళ్లు పావుగంట మరిగించి కడిగితే పోతుంది.

మధ్యాహ్నం భోజనంలో అన్నం ఒక కప్పు, పప్పు, కూర రెండింతలు, పెరుగు. చేపల పులుసు ఉంటే ముక్కలు తినండి, పులుసు తక్కువ పోసుకోండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఆవకాయ, అప్పడం పక్కన పెట్టేయండి. పొద్దున హోటల్లోనే తినాల్సి వస్తే ఉప్మా లేకుండా, నూనె తక్కువతో ఒక పెసరట్టు మంచిది. పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీ), మామూలు ఇడ్లీ అయితే రెండు మూడు చాలు, వెంట చట్నీ తక్కువ. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా ఎవరైనా ఇస్తే ఇంటికి పట్టుకెళ్లండి.

ఇప్పుడు మందుల సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా షుగర్‌ను కిందికి లాగుతుంది. ఇప్పటిదాకా బిర్యానీకి అలవాటు పడిన ఒంటికి మీరు చిన్న భోజనం ఇవ్వబోతున్నారు. చెరువు గట్టు మీద మధ్యాహ్న భోజనం మూడు గంటలకు జరిగితే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమటలు, తల తిరగడం, చిరాకు వస్తే వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించండి, ఇంకా 70 కంటే తక్కువే ఉంటే మరోసారి తాగండి. బండిలో గ్లూకోజ్ పొట్లం, గ్లూకోమీటర్ ఎప్పుడూ ఉండాలి. టిఫిన్ తినని రోజు గ్లిమెపిరైడ్ వేసుకోవద్దు. కొత్త పద్ధతి మొదలుపెట్టిన రెండు వారాలు పరగడుపున, రాత్రి తిన్న రెండు గంటలకు షుగర్ రాసిపెట్టండి. పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు ఉంటే దారిలో పడినట్టే. 80 కంటే తక్కువ రెండుసార్లు కనబడితే గ్లిమెపిరైడ్ మోతాదు మార్చాలి. మీరే మానేయకుండా ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి.

ఒక్క జాగ్రత్త మిగిలింది. కోనసీమవాళ్లు కొబ్బరిబొండం తాగకుండా ఉండలేరు. అందులో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్ కూడా ఒంట్లో పొటాషియంను పెంచుతుంది. బీపీకి మంచిదని అమ్మే ‘లో సోడియం’ ఉప్పులో సోడియం తగ్గించి ఎక్కువగా కలిపేదీ పొటాషియమే. కిడ్నీలు బాగుంటే రోజూ కాకుండా అప్పుడప్పుడు ఒక బొండం తాగినా ఫరవాలేదు. మీరు రాసిన రిపోర్టుల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం కనబడలేదు. ఈ వారంలోనే రెండూ చేయించుకోండి, మూత్రంలో అల్బుమిన్ కూడా చూపించండి. అవి చూశాకే బొండాం, ఆ ఉప్పు మీకు సరిపడతాయో లేదో మీ డాక్టరు చెప్పగలరు.