అక్టోబర్ వచ్చేసరికి ఇంట్లో సాలీళ్ళు ఎందుకు ఎక్కువైపోతాయి?

వానలకి ఇంట్లో పురుగులు పెరుగుతాయి, తిండి బాగా దొరుకుతుంది కాబట్టి సాలీళ్ళు ఎక్కువ కనిపిస్తాయి. నెల్లూరు వైపు వాన ఎక్కువగా పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే కదా. కావలిలోనే చూడండి, వాన వెలిసిన సాయంత్రం ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసుళ్ళు, దోమలు మూగుతాయి, గోడ మూల వేలాడే సన్నకాళ్ళ సాలీడు వాటినే పట్టుకు తింటది, ఆడదైతే గుడ్లమూటని నోట కరుచుకునే ఉంటది, ఆ పిల్లలు బయటికొచ్చాయంటే ఒక్కసారిగా బోలెడు కనపడతాయి.

చలికి తట్టుకోలేక బయట్నుంచి లోపలికొస్తాయని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఈ సన్నకాళ్ళవి ఏడాదంతా ఇంట్లోనే ఉంటాయి. ఇంగ్లండ్ లాంటి చలి దేశాల్లో కూడా శరదృతువులో ఇంట్లో పరిగెత్తేవి ఎక్కువగా ఆడదాన్ని వెతుక్కుంటూ గూడు వదిలిన మగవి. బూజు దులుపుకోండి చాలు, దయచేసి చంపొద్దు, దోమల్ని తినేది అవే.