చీటీ పాడి మాక్‌బుక్ కొనాలా?

ప్రశ్న: నా వయసు 24. బీకాం చదివాను. తెనాలిలో ఒక హోల్‌సేల్ దుకాణంలో అకౌంట్స్ చూస్తున్నాను, జీతం 18 వేలు. ఇంట్లో అమ్మ, నేను. అమ్మ మందులతో కలిపి ఇంటి ఖర్చు 10 వేలు. రాత్రిపూట వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవాలనుకుంటున్నాను. మాక్‌బుక్ లేకుండా ఆ పని దండగని స్నేహితులు అంటున్నారు. నేను చూసిన మోడల్ ధర 99,900. 50 వేల చీటీలో ఉన్నాను, 20 నెలలది, ఇది ఆరో నెల. ఇప్పుడు పాడుకుంటే 37,500 వస్తాయి. మిగతా 62,400 బాబాయి క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ పెడదామనుకుంటున్నాను. బ్యాంకులో 42 వేలున్నాయి కానీ వాటిని కదపడం ఇష్టం లేదు. బెంగళూరులో ఉన్న బావేమో పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లైనక్స్ వేసుకుంటే చాలంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ బావ మాట ముప్పావు వంతు వినండి. ఆ మిగిలిన పావు వంతు ఎందుకు వద్దంటున్నానో కిందికి వచ్చాక చెబుతాను. ముందు చీటీ సంగతి తేల్చాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను టెన్షన్ పెట్టింది లాప్‌టాప్ కాదు, అదే.

మీ చీటీ అసలు వాయిదా నెలకు 2,500. ఇప్పుడు పాట 12,500 తగ్గింపుకు పోతోంది కాబట్టి, అందులో కమిషన్ పోను సభ్యులకు పంచే డివిడెండ్ తీసేస్తే మీరు నెలకు 2,000 చొప్పున కడుతున్నట్టు లెక్క. ఈ నెలతో కలిపి 12 వేలు కట్టినట్టు. ఇప్పుడు పాడుకుంటే వచ్చే 37,500లో ఆ 12 వేలు మీ సొంత డబ్బే, అప్పుగా వచ్చేది 25,500. పోనుపోను తగ్గింపు పడిపోతుంది, డివిడెండ్ తగ్గి వాయిదా 2,500 వైపు పెరుగుతుంది. సగటున 2,250 అనుకుంటే మిగిలిన 14 నెలల్లో 31,500 కడతారు. వడ్డీ లెక్కకడితే నూటికి దాదాపు మూడు రూపాయలు! బయట ఎవరైనా ఆ వడ్డీకి అప్పిస్తామంటే మీరు దండం పెట్టి వచ్చేస్తారు. అదే చీటీని చివరి దాకా ఉంచితే, నిర్వాహకుడి కమిషన్ ఐదు శాతం పోను 47,500 చేతికొస్తుంది. తొందరకు మీరు పెట్టే ఖరీదు 10 వేలు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. వడ్డీ లేని అప్పు ఏ బ్యాంకూ ఇవ్వదు. సున్నా వడ్డీ పేరుతో నడిచే పథకాల్లో వడ్డీని వేరే రూపంలో దాచేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013లోనే అభ్యంతరం చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని కంపెనీయో దుకాణమో ముందే ధరలో తగ్గిస్తుంది, బ్యాంకు దాన్ని వడ్డీగా మీ దగ్గర వసూలు చేస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీదే. ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే మీ 62,400 మీద ఆ పన్నే 900 దాటుతుంది, దాని మీద ప్రాసెసింగ్ ఫీజు. రొక్కం ఇస్తే దొరికే తగ్గింపు చాలాసార్లు ఈఎంఐకి దొరకదు.

అంతకంటే ముఖ్యం, కార్డు మీది కాదు, మీ బాబాయిది. నెలకు 5,200 ఈఎంఐ, 2,250 చీటీ, 10 వేలు ఇంటికి. 18 వేలలో మీ చేతిలో మిగిలేది 550. అమ్మకు ఒక్కసారి రక్తపరీక్షలు రాస్తే ఆ నెల ఈఎంఐ తప్పుతుంది. తప్పితే దెబ్బ తినేది బాబాయి సిబిల్ స్కోరు. బంధుత్వాన్ని హామీగా పెట్టి కొనేంత అవసరం ఈ వస్తువుకు లేదు. ఈఎంఐ నడుస్తుండగానే చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్లను నేను చూశాను. నెల నెలా ఆ కోత పడుతుంటే, నేర్చుకోవడానికి కావలసిన నిమ్మళం ఉండదు.

సరే, అసలు వెబ్ డెవలప్‌మెంట్‌కు ఏం కావాలి? హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ రాయడానికి ఒక ఎడిటర్, రాసింది చూసుకోవడానికి ఒక బ్రౌజర్. అందరూ వాడే వీఎస్ కోడ్ ఉచితం, విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ ఒకేలా నడుస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు, తర్వాత అవసరపడే గిట్, నోడ్ లాంటి పనిముట్లు అన్నీ అంతే. మాక్ తప్పనిసరి అయ్యేది ఐఫోన్ యాప్‌లు తయారుచేసేటప్పుడు, ఎందుకంటే దానికి కావలసిన ఎక్స్‌కోడ్ మాక్‌లో తప్ప నడవదు. మీరు నేర్చుకోబోయేది అది కాదు. మాక్‌బుక్ మంచి యంత్రమే, బ్యాటరీ చాలాసేపు వస్తుంది, కాదనను. కానీ దాని మెమరీ (ర్యామ్) తర్వాత పెంచుకోలేం, కొన్ననాడు ఉన్నదే చివరిదాకా. గేమింగ్ లాప్‌టాప్ అని ఎవరైనా చెబితే అటు చూడకండి, ఆ గ్రాఫిక్స్ కార్డుతో మీకు పని లేదు.

మీకు సరిపోయేది కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి అమ్మేసిన బిజినెస్ లాప్‌టాప్. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ తరహావి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, అంతకంటే కొత్తది అయి ఉండాలి. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన హద్దు అక్కడే ఉంది, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఏడో తరం లాప్‌టాప్‌ను చవకగా అంటగట్టాలని చూసేవాళ్లు ఉంటారు, జాగ్రత్త. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480 లాంటి దానిలో మెమరీకి రెండు స్లాట్లు ఉంటాయి, 8 జీబీతో మొదలుపెట్టి తర్వాత 16 చేసుకోవచ్చు. హార్డ్ డిస్క్ కాకుండా ఎస్‌ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ తెర తప్పనిసరి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇలాంటివి చాలా దొరుకుతాయి. అయినా నేను గుంటూరు, విజయవాడ దుకాణాలే చూడమంటాను. వెయ్యి రూపాయలు ఎక్కువైనా సరే, రిపేరు వస్తే రైలెక్కకుండా పని జరుగుతుంది. జీఎస్టీ బిల్లు, కనీసం మూడు నెలల వారంటీ రాయించుకోండి. దుకాణంలోనే బ్యాటరీ రిపోర్ట్ తీయించి, కొత్తప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోందో చూడండి. ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌కు పాస్‌వర్డ్ ఉంటే వద్దు. కీబోర్డులో ప్రతి మీట నొక్కి చూడండి, మొహమాటం అక్కర్లేదు. మెమరీతో కలిపి 27 వేలు దాటనివ్వకండి.

ఇప్పుడు బావ చెప్పిన లైనక్స్. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఉచితం, దాని 24.04 వెర్షన్‌కు 2029 దాకా సపోర్ట్ ఉంది. వెబ్‌సైట్లు నడిచే సర్వర్లలో ఎక్కువ భాగం లైనక్స్‌వే కాబట్టి అది నేర్చుకోవడం ఎక్కడికీ పోదు. మీరు అకౌంట్స్ మనిషి కాకపోయి ఉంటే ఆయన మాట పూర్తిగా వినమనేవాణ్ని. కానీ పద్దులు రాసే టాలీ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. ఆన్‌లైన్ సంతకానికి వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లతో పని కూడా విండోస్‌లోనే తేలిక. ఇంట్లో లాప్‌టాప్ ఉంటే, మీ యజమాని ఒప్పుకుంటే, ఆదివారాలు రెండు చిన్న దుకాణాల పద్దులు చూడగలరు. ఈ వస్తువు తన ఖరీదు తాను సంపాదించుకునే దారి మీకు ఇప్పటికే తెలిసిన విద్యలో ఉంది, రేపు నేర్చుకోబోయే దానిలో కాదు. కాబట్టి విండోస్ 11 ఉంచండి. దానిలోపలే లైనక్స్ నడిపే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తోంది, డబ్ల్యూఎస్‌ఎల్ అంటారు. అది మెమరీ బాగా తింటుంది, 16 జీబీ అన్నది అందుకే. మొదటి రెండు నెలలు దాని జోలికి వెళ్లకపోయినా ఫర్వాలేదు.

విండోస్ యాక్టివేట్ అయి ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోండి. క్రాక్ చేసిన విండోస్ మాత్రం వద్దే వద్దు. ఇతరుల పద్దులు, బ్యాంకు లాగిన్లు ఉండే యంత్రంలో దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టడం ప్రమాదం.

డబ్బు ఎక్కడిది అంటే, మీరు కదపనన్న 42 వేల నుంచే. ఆ జాగ్రత్త నాకు నచ్చింది, అయినా ఇక్కడ కదపవచ్చు. 27 వేలు పోతే 15 వేలు మిగులుతాయి. ఈఎంఐ లేదు కాబట్టి చీటీ, ఇంటి ఖర్చు పోను నెలకు 5,750 మిగులుతుంది. అందులో 4,500 వెనక్కి వేస్తే ఆరు నెలల్లో 42 వేలు మళ్లీ నిండుతాయి. ఈ ఆరు నెలల్లో అమ్మకు ఆసుపత్రి ఖర్చు వస్తే పాడని చీటీ మీ చేతిలోనే ఉంది, అప్పుడు పాడండి. అలాంటి అవసరానికి నూటికి మూడు రూపాయలు పోయినా బాధ లేదు.

కోర్సు ఫీజు గురించి మీరు అడగలేదు, కానీ అది కూడా వస్తుంది. అమీర్‌పేట తరహా కోచింగ్‌కు మూడు నెలల దాకా ఒక్క రూపాయి కట్టకండి. ఫ్రీకోడ్‌క్యాంప్, మొజిల్లా వాళ్ల ఎండీఎన్ పాఠాలు ఉచితం. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో తెలుగులో చెప్పిన పాఠాలు కూడా ఉన్నాయి. చేసిన పేజీలను గిట్‌హబ్ పేజెస్‌లో ఖర్చు లేకుండా పెట్టవచ్చు. మొదటి పనిగా మీ దుకాణానికే ఒక చిన్న వెబ్‌సైట్ చేసి చూడండి.

ఈ నెల పాటకు తప్పక వెళ్లండి. ఎవరు ఎంత తగ్గింపుకు పాడుతున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి, మీరు మాత్రం పాడకండి. లాప్‌టాప్ కోసం బయల్దేరేది ఆ తర్వాతి ఆదివారం.