కొత్త హాల్ సెన్సర్ స్టిక్ వేసినా డ్రిఫ్ట్ పోకపోతే

మీ ప్లేస్టేషన్ 5 డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్‌లో అరిగిన ఎడమ స్టిక్‌ను తీసి, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ స్టిక్ అమర్చాక కూడా ఆటలో పాత్ర తనంతట తానే కుడివైపుకు నడుస్తోందని (దీన్నే డ్రిఫ్ట్ అంటారు) రాశారు. దాన్ని అమ్మినవారికి తిప్పి పంపకుండా కాస్త ఆగండి. తప్పు బహుశా స్టిక్‌ది కాదు.

పాత స్టిక్‌లో కార్బన్ పూత మీద చిన్న లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది, ఆ పూత అరిగితే డ్రిఫ్ట్ మొదలవుతుంది. కొత్తదానిలో ఆ రాపిడి లేకపోయినా, కంట్రోలర్ మెమరీలో ఉన్న మధ్యస్థానపు విలువ ఇంకా పాత స్టిక్‌దే కాబట్టి, కొత్త స్టిక్ నిటారుగా ఉన్నా పక్కకు వాలినట్టే అది లెక్కగడుతుంది.

కంట్రోలర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, క్రోమ్ బ్రౌజర్‌లో పనిచేసే డ్యూయల్‌షాక్ కాలిబ్రేషన్ టూల్‌లో, స్టిక్‌ను ముట్టుకోకుండా రీడింగ్ చూడండి. అంకె కదలకుండా, సున్నాకు దూరంగా నిలిస్తే కాలిబ్రేషన్ (మెమరీలోని విలువలను కొత్త స్టిక్‌కు తగ్గట్టు సరిచేయడం) చాలు: ముందు మధ్యస్థానం, తర్వాత స్టిక్‌ను అంచు వెంబడి గుండ్రంగా తిప్పుతూ పరిధి. ఆటలో సరిచూసుకున్నాకే శాశ్వతంగా భద్రపరచండి.

అంకె ఎగిరెగిరి పడుతుంటే మాత్రం టంకాన్ని అనుమానించాలి. ఒక్కో స్టిక్‌కు 14 అతుకులుంటాయి, వాటిలో గ్రౌండ్ కాళ్లు (బోర్డు మీది వెడల్పాటి రాగి పొరకు కలిసేవి) వేడిని లాగేసుకోవడం వల్ల టంకం పైకి మెరుస్తున్నా లోపల సరిగా పట్టదు. సీసం కలిసిన టంకం కొద్దిగా చేర్చి మళ్లీ కరిగించండి, అంతేగాని స్టిక్‌ను బలవంతంగా పెకలించకండి; నేను మొదటిసారి అలా చేసి బోర్డు మీది రాగి ప్యాడ్‌నే ఊడదీసుకున్నాను.