బడిలో చెనక్కాయలు మాన్పిస్తే సరిపోతుందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది చిత్తూరు. రెండో తరగతి చదువుతున్న మా బాబుకు మూడేళ్ల వయసులో చెనక్కాయల చిక్కీ తిన్న కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఆయాసం వచ్చింది. పరీక్షలు చేసి వేరుశనగ అలర్జీ అన్నారు. బడికి ఎవరూ చెనక్కాయలు తేకుండా కట్టడి చేయమని అడిగితే, ఇడ్లీలోకి ఇంకేం చట్నీ పెట్టి పంపాలని మిగతా తల్లిదండ్రులు కోప్పడుతున్నారు. నేను అడిగింది తప్పా?
– ఒక తల్లి

జవాబు: తప్పేమీ లేదమ్మా. కానీ సంగటిలోకి ఊరిబిండి, కూరల్లో వేయించిన పొడి, పులిహోర తాలింపు, గానుగ నూనె, ఇలా వేరుశనగ లేని వంటిల్లే అరుదైన మన సీమలో ఆ కట్టడి కాగితం మీదే మిగులుతుందని, పైగా ఇక భయం లేదన్న ధీమాతో అందరూ ఏమరుపాటుగా ఉంటారని నా అనుమానం. 2021లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు కూడా బడి మొత్తానికీ నిషేధం పెట్టడం కంటే, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, తీవ్రమైన అలర్జీలో ప్రాణం కాపాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ అందుబాటులో ఉంచడానికే మొగ్గు చూపాయి.

బాబు ఇంటి డబ్బాలోది మాత్రమే తినాలి. పక్కనున్న పిల్లలు తిన్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శానిటైజరు వేరుశనగ ప్రొటీనును తొలగించదు. వాసనకే ప్రమాదం ముంచుకొస్తుందన్న భయం చాలావరకు అనవసరం. ప్రభుత్వ బడి అయితే మధ్యాహ్న భోజనంలో చిక్కీ పంచే రోజుల గురించి టీచరుకు ముందే చెప్పి ఉంచండి. తిరుమల లడ్డూలో ఉండే జీడిపప్పు బాబుకు పడుతుందో లేదో మీ వైద్యుణ్ణే అడగండి, ఎందుకంటే వేరుశనగ పడని పిల్లల్లో కొందరికి జీడిపప్పూ పడదు.

అసలు పట్టుబట్టవలసింది అడ్రినలిన్ గురించి. ఆయాసం, గొంతు బిగుసుకోవడం, ఆగని వాంతులు, స్పృహ తప్పడం వంటివి కనబడితే సెటిరిజిన్ అనే అలర్జీ మాత్ర వేసి కూర్చోకూడదు. అది దురదను తగ్గిస్తుందే తప్ప ఊపిరిని నిలబెట్టదు. తొడ బయటివైపు కండరంలోకి కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, అంటే 20 కిలోల పిల్లవాడికి 0.2 మిల్లీగ్రాముల అడ్రినలిన్ వెంటనే ఇవ్వాలి. ముందే మందు నింపి ఉంచిన పెన్నులాంటి ఇంజెక్షన్లు మన మందుల దుకాణాల్లో సులభంగా దొరకవు కనుక, మోతాదు, పద్ధతి మీ వైద్యుని చేత రాయించుకుని, ఎవరు వేయాలో బడితో ముందే తేల్చుకోండి. బాబును నడిపించకుండా పడుకోబెట్టి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టి, 108కు ఫోన్ చేయాలి. లక్షణాలు తగ్గినా కొన్ని గంటల్లో తిరగబెట్టవచ్చు కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడం తప్పనిసరి.

కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ ప్రయోగం మాత్రం ఇంట్లో చేయకండి. దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ అలర్జీ వయసుతో పోతుంది, అయితే పోయిందో లేదో ఆసుపత్రిలో, వైద్యుల ఎదుట తినిపించి చూడవలసిందే.