మన గది తాళాలు మన దగ్గరే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గృహహింస బాధితులకు తోడుండే 40 మంది వాలంటీర్లం. వాట్సాప్ గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తున్నాయి. ‘మ్యాట్రిక్స్’కి మారమని కొందరు సలహా ఇస్తున్నారు. వాట్సాప్‌లోనూ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: సందేశానికి తాళం వేసి పంపడంలో రెండూ రెండే. ఇల్లు ఎవరిదన్నదే తేడా. వాట్సాప్ సర్వర్లన్నీ ఒకే కంపెనీవి, ఖాతా ఫోన్ నంబరుకు ముడిపడి ఉంటుంది. 2014లో మొదలైన మ్యాట్రిక్స్ అనే సందేశాల వ్యవస్థ ఈమెయిల్ లాంటిది. ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు, ఒక సర్వర్‌లో ఖాతా ఉన్నవారు ఇంకో సర్వర్‌లో ఉన్నవారితో మాట్లాడవచ్చు. ఫోన్ నంబరు అక్కర్లేదు. ఒక రూమ్‌లో (ఇక్కడ గ్రూపుని రూమ్ అంటారు) మూడు సర్వర్ల సభ్యులుంటే ఆ సంభాషణ మూడుచోట్లా ఉంటుంది. ఒకటి పడిపోయినా మిగతావాళ్ల మాట ఆగదు. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో తెచ్చిన ‘చాప్’ యాప్ దీనిమీదే నడుస్తోంది.

అయితే తాళం పడేది సందేశంలోని విషయానికే. రూమ్ పేరు, సభ్యుల జాబితా, ఎవరు ఎప్పుడు పంపారన్న వివరం, సందేశం కింద పెట్టిన ఎమోజీ సర్వర్ నడిపేవారికి కనిపిస్తాయి. కాబట్టి బాధితురాలి పేరుతో రూమ్ తెరవకండి, కేసు నంబరు పెట్టుకోండి.

ప్రశ్న: సర్వర్ మేమే పెట్టుకుంటే ఎంతది కావాలి? ఎక్కడ తప్పులు జరుగుతాయి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 40–50 మందికి రెండు కోర్లు, 2 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్కు ఉన్న అద్దె సర్వర్ చాలు. దానిమీద ‘సినాప్స్’ అనే మ్యాట్రిక్స్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ఆ సర్వర్ నుంచి వేలమంది ఉన్న బహిరంగ రూమ్‌లలో మాత్రం చేరకండి. ఒక్కరు చేరినా ఆ రూమ్ సభ్యత్వాల లెక్కంతా మీ సర్వరే మోయాలి, ర్యామ్ చాలదు.

డొమైన్ పేరు దగ్గర తొందర వద్దు. సర్వర్ పేరుగా ఇచ్చినదే ప్రతి సభ్యుని చిరునామాకీ తోకగా వస్తుంది, తర్వాత మార్చడం కుదరదు. అసలు డొమైన్‌నే సర్వర్ పేరుగా ఇచ్చి, పని చేసే యంత్రం సబ్‌డొమైన్‌లో ఉందని ‘వెల్-నోన్’ ఫైలుతో చెప్పండి. ఆ డొమైన్‌ని ఒక్కరి సొంత ఈమెయిల్ మీద కొనడం చాలా బృందాలు చేసే పొరపాటు. ఆయన అలిగి వెళ్లినా, రెన్యువల్ మరచినా అందరి చిరునామాలూ పోయినట్టే.

డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్ పరీక్షకే, నిజం పనికి పోస్ట్‌గ్రెస్ వాడండి. డేటాబేస్ సృష్టించేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, లొకేల్ (అక్షరాల వరుసను నిర్ణయించే భాషా అమరిక) ‘సి’ అని ఇవ్వాలి. లేదంటే సినాప్స్ మొండికేసి అసలు స్టార్ట్ కాదు. సినాప్స్‌కి ముందు వాకిలిలా ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెడితే అప్‌లోడ్ పరిమితి మామూలుగా 1 ఎంబీయే. మాటలు వెళ్తాయి, పెద్ద ఫొటోలు 413 ఎర్రర్‌తో ఆగిపోతాయి. సినాప్స్ పరిమితికి సమానంగా 50 ఎంబీకి పెంచండి.

రిజిస్ట్రేషన్ అందరికీ తెరవకండి. టోకెన్ (ఆహ్వాన కోడ్) ఉంటేనే చేరేలా పెట్టి, ఒక్కసారికే పనికొచ్చే, వారంలో గడువు తీరే టోకెన్‌ని కొత్తవారికి చేతికివ్వండి. ఫెడరేషన్ (వేరే సర్వర్లతో రాకపోకలు) జాబితాలో మీరు నమ్మిన సోదర సంస్థల డొమైన్లే రాయండి. జాబితాని ఖాళీగా ఉంచితే బయటి సర్వర్లతో రాకపోకలే ఉండవు, కొన్ని బృందాలకు అదే మేలు.

బ్యాకప్‌లో డేటాబేస్, మీడియా ఫోల్డర్, కాన్ఫిగ్ (అమరికల ఫైలు), సైనింగ్ కీ (మీ సర్వర్ సంతకం లాంటి కీ) ఈ నాలుగూ ఉండాలి, అదీ వేరే యంత్రంలో. పాత బ్యాకప్‌ని తిరిగి ఎక్కించేటప్పుడు డేటాబేస్‌లో ఒకసారి వాడే కీల టేబుల్‌ని ఖాళీ చేయండి. అప్పటికే ఖర్చయిపోయిన కీలను సర్వర్ మళ్లీ పంచిపెడితే సందేశాలు తెరుచుకోవు. చాలామందికి ఈ సంగతి దెబ్బ తగిలాకే తెలుస్తుంది.

ప్రశ్న: కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే పాత సందేశాలన్నీ ‘డీక్రిప్ట్ చేయలేం’ అంటున్నాయి. పాస్‌వర్డ్ సరైనదే.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పాస్‌వర్డ్ మిమ్మల్ని సర్వర్ లోపలికి రానిస్తుందంతే. సందేశాల తాళంచెవులు ఫోన్‌లో ఉంటాయి. పైగా తాళం ఒక్కటే కాదు. మామూలు అమరికలో 100 సందేశాలకో, వారానికో, సభ్యుడెవరైనా వెళ్లిపోయినప్పుడో పంపేవారి ఫోన్ కొత్త తాళం తీస్తుంది. ఆ గుత్తి మొత్తం కొత్త ఫోన్‌కి రావాలి.

పాత ఫోన్ ఇంకా ఉంటే అందులో లాగ్ అవుట్ మాత్రం కావద్దు. కొత్తదాంట్లో లాగిన్ అయ్యి ‘వెరిఫై’ నొక్కండి. రెండు తెరల మీదా ఏడు ఎమోజీలు వస్తాయి. వరుసతో సహా కలిస్తే ఒప్పుకోండి. వేరే మనిషిని వెరిఫై చేసేటప్పుడు ఆ ఎమోజీలను ఎదురుగా కూర్చునో, గొంతు గుర్తుపట్టే ఫోన్ కాల్‌లోనో సరిచూసుకోవాలి. అదే చాట్‌లో పంపి సరిచూస్తే మధ్యలో దూరినవాడు వాటినీ మార్చగలడు.

పాత ఫోన్ పోయిందా, తాళంచెవుల నకలును తాళం వేసి సర్వర్‌లో దాచే ‘కీ బ్యాకప్’ పెట్టుకున్నప్పుడు వచ్చిన రికవరీ కీ ఒక్కటే దారి. నాలుగేసి అక్షరాలుగా విడదీసి చూపే ఆ పొడుగాటి వరుసను కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టుకోవాలి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచితే బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టినట్టు. మీ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి ఇవ్వగలరు గానీ ఈ కీని ఇవ్వలేరు, ఆయన దగ్గర లేదు. పైగా పాస్‌వర్డ్ రీసెట్ చేస్తే పరికరాలన్నీ లాగ్ అవుట్ కావచ్చు. కీ బ్యాకప్ లేనివారికి మిగిలి ఉన్నవీ అప్పుడు పోతాయి.

ప్రశ్న: రూమ్ తెరిచినాయన సంస్థ వదిలేశారు. ఇప్పుడు ఎవరినీ తీసేయలేకపోతున్నాం.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రూమ్‌లో అడ్మిన్‌కి 100, మోడరేటర్‌కి 50, సభ్యునికి 0 అని అధికార స్థాయిలుంటాయి. 100 ఉన్న ఏకైక వ్యక్తి వెళ్లిపోతే రూమ్‌కి దిక్కుండదు. కొత్త రూమ్ తెరిచి అందరినీ పిలవడమే తేలిక. ఈసారి ఇద్దరికి 100 ఇవ్వండి. ఒక్కసారి ఇచ్చాక సమాన స్థాయిలో ఉన్నవారిని ఇంకొకరు దించలేరు, కాబట్టి ఐదారుగురికి పంచకండి. తీసేసిన సభ్యుని ఫోన్‌లో అప్పటికే చేరిన సందేశాలు అక్కడే ఉంటాయి, వాటిని వెనక్కి లాక్కునే మీట ఎక్కడా లేదు.

ప్రశ్న: మ్యాట్రిక్స్ యాప్‌ని మన దేశంలో ఆపేశారని విన్నాం, నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 2023 మేలో కేంద్రం 14 మెసేజింగ్ యాప్‌లను ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ఆపేసింది. జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్నది చూపిన కారణం. అందులో మ్యాట్రిక్స్ యాప్ ‘ఎలిమెంట్’, నెట్ లేకున్నా బ్లూటూత్‌తో నడిచే ‘బ్రయర్’ ఉన్నాయి. మ్యాట్రిక్స్‌కి యాప్ ఒక్కటే కాదు. ఫ్లఫీచాట్, సిన్నీ లాంటివి ఆ 14లో లేవు. సభ్యులకు యాప్ పేరు చెప్పే ముందు ఆ యాప్ ఎన్‌క్రిప్షన్‌నీ, కీ బ్యాకప్‌నీ పూర్తిగా సమర్థిస్తుందో లేదో ఇద్దరి ఫోన్లలో పరీక్షించి చూడండి.