టీ నాలుక కాల్చకూడదు, చల్లారిపోకూడదు. అలాంటి ఫ్లాస్కు ఉందా?

మీరు అడిగింది ఇదీ: మంచి స్టీలు ఫ్లాస్కు కొన్నారు. పొద్దున ఏడింటికి పోసిన టీ పదింటికి తాగబోతే నాలుక కాలింది. గ్లాసులో పోసి పెట్టి ఒక ఫోను మాట్లాడి వచ్చేసరికి చల్లారిపోయింది. తాగే వేడిలోనే రెండు మూడు గంటలు ఉంచేది ఏదైనా దొరుకుతుందా అని.

నాదీ చాలాకాలం ఇదే బాధ కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నేను ఖమ్మం దగ్గర ఒక 33/11 కేవీ కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ని. రాత్రి డ్యూటీలో గంటగంటకూ రీడింగులు రాయాలి, మధ్యలో కునుకు పడితే కుదరదు. దగ్గర్లో టీ కొట్టు లేదు, ఇంటి నుంచి తెచ్చుకోవాల్సిందే. ఈ పన్నెండేళ్లలో నా దగ్గర ఆరేడు ఫ్లాస్కులు పాతబడ్డాయి.

మీ ఫ్లాస్కు బాగానే పనిచేస్తోంది, దాన్ని మార్చకండి. మనం ఏ వేడిలో పోస్తే ఆ వేడినే పట్టుకుని కూర్చోవడం దాని పని. పొంగు మీదున్న టీ పోసి మూత బిగిస్తే మూడు గంటల తర్వాత కూడా పొగలు కక్కే టీనే ఇస్తుంది. నిజానికి 1892లో జేమ్స్ డ్యూవర్ దీన్ని తయారుచేసింది టీ కోసం కాదు, ద్రవంగా మార్చిన వాయువులను చల్లగా నిలవ ఉంచడానికి. 1904లో జర్మనీలో థర్మాస్ పేరుతో అమ్మకం మొదలయ్యాకే అది జనం ఇళ్లలోకి వచ్చింది.

మా అమ్మాయి కేకుల కోసం కొన్న పుల్లలాంటి థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉంది. ఒక చలికాలం దాన్ని డ్యూటీకి పట్టుకెళ్లి, ఫీడర్ల (ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్ల) రీడింగులతో పాటు టీ రీడింగు కూడా పాత క్యాలెండరు వెనకాల రాశాను. అర లీటరు స్టీలు ఫ్లాస్కు, నిండా టీ, మూత పెట్టేటప్పుడు 86 డిగ్రీలు. మధ్యలో తీయకుండా ఉంచితే మూడు గంటల తర్వాత 77. అదే టీని మామూలు స్టీలు గ్లాసులో పోసి ఫ్యాను కింద పెడితే ఏడెనిమిది నిమిషాల్లో 60కి, పావుగంట దాటేసరికి 50కి వచ్చేసింది. నా నోటికి 60 నుంచి 55 మధ్య హాయిగా ఉంటుంది. 50 అంటే ఇక టీ కాదు, మందు. అంటే గ్లాసులో మనకు దొరికే మంచి సమయం మూడు నాలుగు నిమిషాలే!

మొదట్లో ఇంకో పద్ధతిలో కొలిచి నవ్వులపాలయ్యాను. మా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు తీగలు కలిసే చోట ఉండే బుషింగులు, క్లాంపులు వేడెక్కుతున్నాయేమో చూడ్డానికి తెచ్చిన టెంపరేచర్ గన్ ఉంటే, దాన్ని టీ గ్లాసు వైపు తిప్పాను. 38 అని చూపించింది. సరేలే అని గ్లాసు పట్టుకుంటే వేళ్లు కాలాయి. మెరిసే స్టీలు తన వేడిని సరిగా బయటికి చిమ్మదు, ఎదురుగా ఉన్న గోడ వేడిని అద్దంలా చూపిస్తుంది. గన్ను టీ మీదికి తిప్పితే సరిగానే చెప్పింది. పాత గాజు ఫ్లాస్కు రీఫిల్ లోపల వెండి పూత ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది. రెండు గోడల మధ్య గాలి తీసేస్తే (దాన్నే వాక్యూమ్ అంటారు) తాకిడి ద్వారా, గాలి ద్వారా వేడి పోదు. మిగిలింది చిమ్మే వేడి, దాన్ని ఆ మెరుపు ఆపుతుంది. ఇక వేడి పోయేది ఎక్కువగా మూతి దగ్గరే. అందుకే గంటకోసారి మూత తీసి గుక్కెడు తాగేవాళ్ల టీ తొందరగా చల్లారుతుంది.

నాలుక ఎందుకు కాలుతుందో కూడా చెబుతాను. స్టీలు గ్లాసు పట్టుకుంటే వేళ్లే చెబుతాయి, ఇంకా తాగే వేళ కాలేదని. డబుల్ వాల్ టంబ్లరు, అంటే రెండు గోడల గ్లాసు, బయట చల్లగా ఉంటుంది, చేతికి ఏమీ తెలియదు. పైగా మూతకున్న చిన్న రంధ్రంలోంచి తాగితే ఊదడానికి వీలుండదు, పొగ కూడా కనబడదు. నేను కొత్త టంబ్లరుతో మొదటి రాత్రే నాలుక కాల్చుకుని రెండు రోజులు కూర రుచి తెలియక తిన్నాను. అలవాటుగా అంత వేడి తాగడం మంచిది కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో, 65 డిగ్రీలు దాటిన పానీయాలను అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యే వాటి జాబితాలో చేర్చింది.

ఇప్పుడు మీకు కావలసింది. టీ రెండు గంటల లోపు తాగేసేదైతే, ఫ్లాస్కులో పోసే ముందే చల్లార్చండి. గిన్నెలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి గిన్నెలోకి నాలుగైదు సార్లు తిరగబోస్తే 66, 67 దగ్గరికి వస్తుంది. అప్పుడు మూత పెట్టండి. రెండు గంటల తర్వాత తీస్తే సరిగ్గా తాగే వేడిలో ఉంటుంది. మా నాన్న కాఫీని మూరెడు ఎత్తు నుంచి తిరగబోస్తుంటే సగం నురగే మిగులుతోందని అమ్మ విసుక్కునేది. ఆయన చేసింది సరైన పనే. ఫ్లాస్కును ముందుగా వేడి నీళ్లతో కడిగి వేడెక్కించాలని అందరూ చెబుతారే, ఈ పద్ధతిలో అది అక్కర్లేదు.

మూడు నాలుగు గంటలు దాటేదైతే ఇది పనికిరాదు. పాలు కలిసిన టీ 60 డిగ్రీల కంటే కిందికి దిగి గంటల తరబడి ఉంటే సూక్ష్మజీవులకు పండగే. మా సహోద్యోగి ఒకాయన సాయంత్రం ఆరింటికి పెట్టించుకొచ్చిన టీ తెల్లవారుజామున తాగి, మర్నాడంతా సెలవు పెట్టాడు. నేను చేసేది వేరు. పాలు లేని డికాషన్ మాత్రమే, చక్కెర వేసి, కాస్త చిక్కగా కాచి పొంగు మీద ఫ్లాస్కులో పోస్తాను. రాత్రి రెండింటికి అది 75, 80 మధ్య ఉంటుంది. పాలపొడిని మామూలు నీళ్లలో ఉండలు లేకుండా చిక్కగా కలిపి, రెండు వంతుల డికాషన్‌కి ఒక వంతు పాలు పోస్తాను. లెక్క మీరే వేసుకోండి: 80 డిగ్రీలవి రెండు వంతులు, 30 డిగ్రీలది ఒక వంతు కలిస్తే 63. గ్లాసు మరో రెండు మూడు డిగ్రీలు లాగేసుకుంటుంది. ఊదే పని కూడా లేదు. రుచి ఇంటి టీ అంత ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఫ్లాస్కులో గంటల తరబడి మగ్గిన పాల టీ వాసన కంటే వంద రెట్లు నయం.

ఇక మీరు అడిగినట్టు తనంతట తానే తాగే వేడిలో ఉంచేవి కూడా ఉన్నాయి. రెండు గోడల మధ్య మైనం లాంటి పదార్థం పెట్టిన మగ్గులు ఒక రకం. అది దాదాపు 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడి కాఫీ పోయగానే ఆ ఎక్కువ వేడిని తాగి కరుగుతుంది, కాఫీ చల్లారుతుంటే తిరిగి గడ్డకడుతూ ఆ వేడిని వదులుతుంది. మా బావమరిది అమెరికా నుంచి ఒకటి తెచ్చాడు. పని చేస్తుంది, కానీ ఇటుకంత బరువు. ఎంబర్ లాంటి బ్యాటరీ మగ్గులు రెండో రకం. ఎన్ని డిగ్రీలు కావాలో ఫోన్లో పెట్టుకోవచ్చు. ఛార్జింగు మాత్రం గంటా గంటన్నరే, ఆ తర్వాత దిమ్మ మీద పెట్టాలి. ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని నెమ్మదిగా తాగేవాళ్లకు బాగుంటుంది. బైకు మీద తిరిగేవాళ్లు ఆ డబ్బులు పెట్టకండి.

మీకు నా సలహా: ఉన్న ఫ్లాస్కుకు తోడుగా మూత ఉన్న చిన్న డబుల్ వాల్ టంబ్లరు ఒకటి కొనుక్కోండి, 300 మిల్లీలీటర్లు చాలు. మూత తీసి పెట్టి, తాగే వేడికి దిగాక మూత వేయండి. నాది 64 దగ్గర మూత వేస్తే ముప్పావుగంట తర్వాత 57 ఉంది. మీ ఫోను ఎంతసేపు మాట్లాడినా ఫరవాలేదు.

కొనేటప్పుడు "24 గంటలు వేడి" అన్న అక్షరాలు చూసి మోసపోకండి, ఎన్ని డిగ్రీల వేడో అందులో చెప్పరు. జపాన్ బాటిళ్ల మీద మాత్రం 95 డిగ్రీల నీళ్లు పోస్తే ఆరు గంటల తర్వాత ఎంత ఉంటుందో డిగ్రీల్లో రాస్తారు. అదీ పద్ధతి. ఇంటికి తెచ్చాక మరిగే నీళ్లు పోసి పది నిమిషాలాగి ఒళ్లంతా తడిమి చూడండి. మెడ దగ్గర కాకుండా మధ్యలోనో అడుగునో వేడిగా తగిలితే లోపలి వాక్యూమ్ పోయినట్టే, వెంటనే మార్చుకోండి. నాదొకటి బైకు మీద నుంచి పడి సొట్టపోయింది. చూడ్డానికి చిన్న సొట్టే. ఆ రోజు నుంచి బ్యాగులో పెడితే వీపుకు వెచ్చగా తగిలేది.

ఎండాకాలంలో ఇదే లెక్క తిరగేసి వాడతాను. ఫ్రిజ్ నీళ్లు పోస్తే సాయంత్రం దాకా పళ్లు జివ్వుమంటూనే ఉంటాయి. కుండ నీళ్లు పోస్తే సాయంత్రానికీ కుండ నీళ్లే. మజ్జిగ కూడా పోయొచ్చు కానీ రెండు మూడు గంటల్లో తాగేయండి. వదిలేస్తే పులుస్తూనే ఉంటుంది, మూత తీసేటప్పుడు బుస్సుమంటుంది. మజ్జిగ ఫ్లాస్కు, టీ ఫ్లాస్కు వేరుగా పెట్టుకోండి. వాసన పట్టేది స్టీలుకు కాదు, మూతలోని రబ్బరు వాషరుకు. దాన్ని వారానికోసారి ఊడదీసి కడగండి. లోపల టీ మరక పట్టిందా, చెంచాడు వంటసోడా వేడి నీళ్లలో వేసి రాత్రంతా ఉంచి, పొద్దున గుప్పెడు బియ్యం వేసి గిలకొట్టండి. కడిగాక మూత పెట్టకుండా బోర్లించండి. వాషరు తిరిగి పెట్టారో లేదో చూసుకోండి, నేను ఒకసారి మరిచిపోయి లాగ్‌బుక్కు మొత్తం తడిపాను.