అడగండి చెప్తా: తుపాకుల కోసం కొన్న తోట

ప్రశ్న: అన్నా, మా పాప నెల్లూరు కస్తూరిదేవి స్కూల్లో చదవతా ఉంది. స్కూల్లో పొణకా కనకమ్మ గారి గురించి స్పీచ్ ఇమ్మన్నారంట, నేను "గాంధీగారి శిష్యురాలు, బడి పెట్టింది, జైలుకి పోయింది" అని నాలుగు ముక్కలు రాసిచ్చా. అది చూసి మా మామయ్య "ఆమె తుపాకులు తెప్పించిన మనిషమ్మా, పల్లిపాడు ఆశ్రమం ఉండే తోట ముందు దానికే కొనింది, అది రాయలేదే" అన్నారు. నాకైతే నమ్మబుద్ధి కాలా. నిజమేనా? నిజమైనా పిలకాయల చేత అట్టాంటివి చెప్పించొచ్చా?
- ఒక తల్లి, కోవూరు

జవాబు: మీ మామయ్య చెప్పింది నిజమేనమ్మా, ఆయన్ని గమ్మునుండమనబాకండి.

మనోళ్లు కనకమ్మ గారిని తెల్ల ఖద్దరు చీరలో, చేతిలో రాట్నంతో ఫోటో కట్టి గోడకి తగిలించేశారు, దాంతో అంతకుముందు పదేళ్లు ఆమె ఏం చేసిందో ఎవరికీ పట్టకుండా పోయింది. 1892లో మినగల్లులో పుట్టింది, తొమ్మిదేళ్లకే పెళ్లి చేసి పొట్లపూడి పంపించారు. భూములున్న రెడ్ల ఇల్లు, కోడలు గడప దాటితే ఊరంతా చెప్పుకునే కాలం. ఆ ఇంట్లో కూర్చునే ఆమె పత్రికలు చదివి, వందేమాతరం గొడవలు విని, తిలక్ దారే కరెక్ట్ అనుకునింది. పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం పెట్టి చుట్టుపక్కల చదువుకున్న కుర్రోళ్లని ఒక చోటికి చేర్చింది, అది పైకి కనపడే పని. లోపల మద్రాసు వైపు విప్లవకారులతో సంబంధాలు పెట్టుకుని, రివాల్వర్లు తెప్పించి కాల్చడం నేర్చుకోడానికి ఎవరి కంటా పడని చోటు కావాలని పెన్న ఒడ్డున పల్లిపాడులో తోట కొనింది. ఇప్పటికీ ఆ ఊరికి పోతే, ఆ రోజుల్లో ఆడ ఏం జరిగినా నెల్లూరు దాకా చప్పుడు వినపడదని మీకే తెలుస్తుంది.

తర్వాత గాంధీగారి గాలి తగిలింది. ఒక్క రాత్రిలో మారిపోయిందని కథలు చెప్తారు గానీ నేను నమ్మను, అంత పట్టుదల ఉన్న మనిషి ఊరికే మారదు, ఆలోచించే మారుంటది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య ఆశ్రమానికి చోటు చూస్తుంటే ఆమె అదే తోట ఇచ్చేసింది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారే వచ్చి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం తెరిచారు. అక్కడి బిల్డింగ్‌కి డబ్బులిచ్చింది దక్షిణాఫ్రికాలో గాంధీగారితో పనిచేసిన పార్సీ రుస్తుంజీ, 10,000 రూపాయలు, ఆ రోజుల్లో 10,000 అంటే మాటలా!

ఇంక పిలకాయల చేత చెప్పించొచ్చా అంటే, తప్పకుండా చెప్పించండి. తుపాకీ ముక్క తీసేస్తే ఆ తోట ఇవ్వడంలో ఏముంది, భూములున్నావిడ ఎవరో ఎకరాలు దానం చేసిందన్నట్టు ఉంటుంది. తను ప్రాణానికి తెగించి ఒక పనికి కొనుక్కున్న చోటుని దానికి పూర్తి ఎదురు పనికి తనే ఇచ్చేసింది, కష్టమైందల్లా అదే.

ప్రశ్న: ఆమె బడికే పోలేదంటారు, మరి బడి పెట్టాలని ఎందుకనిపించిందో?
- ఒక డిగ్రీ స్టూడెంట్, కావలి

జవాబు: పోలేదు కాబట్టే బాబూ. తెలుగు, సంస్కృతం, హిందీ అన్నీ ఇంట్లో కూర్చుని పట్టుబట్టి నేర్చుకునింది, పద్యాలు రాసింది, తర్వాత్తర్వాత రమణ మహర్షి దగ్గరికి పోయి ఆయన మీద కూడా రాసింది. కానీ తను పడ్డ అవస్థ ఇంకో ఆడపిల్ల పడకూడదనుకుని 1923లో నెల్లూరులో ఆడపిల్లలకి బడి పెట్టి గాంధీగారి భార్య కస్తూరిబా పేరు పెట్టింది, పైన కోవూరు తల్లి గారు చెప్పిన కస్తూరిదేవి స్కూలు అదే. 1929లో గాంధీగారు మళ్ళీ వచ్చినప్పుడు దాని బిల్డింగ్‌కి శంకుస్థాపన చేశారు. ఆ బడి నడపడానికి డబ్బుల కోసం ఎన్ని గడపలెక్కిందో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకి పోయొచ్చి మళ్ళీ ఆ బడి పనే చూసుకునింది. జైలు గురించే అందరం చెప్తాం, నన్నడిగితే చందాల కోసం తిరగడమే ఎక్కువ కష్టం, మా వీధిలో వినాయక చవితి చందాకి తిరిగిన అనుభవంతో చెప్తున్నా.

ప్రశ్న: ఇవన్నీ యాడ చదవాలి సార్?
- కోవూరు తల్లి గారే, ఉత్తరం చివర్లో

జవాబు: ఆమే రాసుకునింది, "కనకపుష్యరాగం" అని. ఆమె పోయింది 1963లో, అది పుస్తకంగా వచ్చింది 2011లో, అన్నేళ్లు ఆ కాగితాలు అట్టానే ఉండిపోయాయి. పెద్ద లైబ్రరీల్లో అడిగి చూడండి. దొరికితే ముందు మీ మామయ్యకివ్వండి, ఆయన చదివి తప్పులేమన్నా ఉంటే నాకు ఉత్తరం రాస్తారు.